ఎక్స్‌రే స్కానరూ మన ఫొటోలూ



ఇంట్లో ఎవరైనా విదేశానికి బయలుదేరుతుంటే ఆఖరి రెండు రోజులు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. సూట్‌కేసు తూకానికి పెట్టడం, బరువు ఎక్కువైందని పచ్చడి సీసా తీయడం, మనసొప్పక మళ్లీ పెట్టడం. సరిగ్గా ఆ హడావిడిలోనే నాకు ఫోన్లు వస్తుంటాయి. నేను భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి తెలిసినవాళ్లు అడుగుతారు, వాళ్లకు తెలిసినవాళ్లూ అడుగుతారు. జనగామ నుంచి ఒక తల్లి ఇలా అడిగింది: “సార్, ఎయిర్‌పోర్టుల బ్యాగును డబ్బల నుంచి పంపుతరట గదా, అండ్ల ఎక్స్‌రే ఉంటదట. మా బిడ్డ పెండ్లి ఫొటోలన్నీ హార్డ్‌డిస్కులనే ఉన్నయి. చెరిగిపోతయా?”

చెరిగిపోవమ్మా. ఫోను, ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్కు, పెన్‌డ్రైవు, మెమరీ కార్డు, సీడీ, డీవీడీ, పాత వీడియో క్యాసెట్టు, వీటిలో దేనికీ ఆ స్కానర్ వల్ల నష్టం లేదు. జ్ఞాపకాలు దాచే వస్తువుల్లో నష్టం జరిగేది ఒక్క ఫొటో ఫిల్ముకు. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను. అయితే ఊరికే ధైర్యం చెప్పి ఊరుకుంటే భయం పోదు. ఎందుకు చెరిగిపోవో తెలిస్తేనే పోతుంది. పైగా ఈ భయం వెనక అసలు ప్రమాదాలు దాక్కుంటున్నాయి. ఇవాళ నా ప్రసంగం ఎక్కువగా వాటి గురించే.

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో విమానాశ్రయం లేదు. దగ్గరలో ఉన్నది వరంగల్ పక్కన మామునూరు. నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది సిద్ధమయ్యేదాకా మనకు శంషాబాదే దిక్కు. కానీ ఎక్స్‌రే డబ్బా మన బతుకుల్లోకి రావడానికి విమానం ఎక్కనక్కరలేదు. జనగామలో తెల్లవారుజామున బస్సెక్కి ఉప్పల్లో దిగి మెట్రో అందుకునే ఉద్యోగులు, కాలేజీ పిల్లలు ఎందరో ఉన్నారు. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పటి నుంచి వాళ్ల ల్యాప్‌టాప్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్కానర్‌లోంచి వెళ్తూనే ఉంది. ఆ డబ్బాకు ఫొటోలు చెరిపే గుణమే ఉంటే ఈపాటికి ఉప్పల్ స్టేషన్ ముందు ధర్నాలు జరిగేవి.

ఈసారి మెట్రో వరుసలో నిలబడ్డప్పుడు, వీలైతే, సిబ్బంది ముందున్న తెర వైపు ఒక్క క్షణం చూడండి. మీ సంచి రంగుల్లో కనిపిస్తుంది. పుస్తకాలు, బట్టలు, రొట్టెలు, బెల్లం నారింజ రంగులో ఉంటాయి. స్టీలు టిఫిన్ బాక్సు, తాళంచెవులు నీలంగా ఉంటాయి. రెండూ కలిసిన చోట, ఫోన్ల వంటి వాటిలో, ఆకుపచ్చ. ఆ రంగులు వస్తువుల సొంత రంగులు కావు, యంత్రం లెక్కగట్టి వేసినవి. డబ్బా లోపల ఒక గొట్టం ఉంటుంది. అందులో ఎలక్ట్రాన్లకు లక్షన్నర వోల్టుల స్థాయి వోల్టేజితో వేగం పెంచి టంగ్‌స్టన్ లోహానికి గుద్దిస్తారు. ఆ దెబ్బకు ఎక్స్‌రేలు పుడతాయి. వాటిని సన్నని పొరలా వడగట్టి, బెల్టు మీద కదిలే సంచి గుండా పంపిస్తారు. అవతలి వైపున్న గ్రాహకాలు ఎక్కడ ఎన్ని కిరణాలు దాటి వచ్చాయో గీత తర్వాత గీతగా నమోదు చేస్తాయి. ఆ గీతలన్నీ కలిస్తే తెర మీద బొమ్మ. సంచిలో ప్రతి భాగం మీదా కిరణాలు పడేది రెప్పపాటు కాలమే.

మన పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక ఒకటి సూట్‌కేసులో పెట్టి పంపండి. ఆ పని పలుచని రేకు మీదే జరుగుతుంది కాబట్టి మడతలు, చెక్కడం కూడా కొంత తెలుస్తాయి. అదే పోత పోసిన ఇత్తడి విగ్రహమైతే కిరణాలు దాటలేవు. తెర మీద నల్లటి ముద్దలా పడుతుంది. అప్పుడే సంచి పక్కకు తీసి తెరవమంటారు. ల్యాప్‌టాప్‌ను విడిగా ట్రేలో పెట్టమనేదీ ఇందుకే. లోపలి బ్యాటరీ, లోహపు పలకలు కింద ఉన్నవాటిని కప్పేస్తాయి. బయటికి తీయమన్నారంటే యంత్రం దాన్ని పాడు చేస్తుందనేమోనని చాలామంది అనుకుంటారు. ల్యాప్‌టాప్‌కు దానివల్ల ఏమీ కాదు, కింద ఏముందో సిబ్బందికి కనిపించాలి, అంతే.

ఇక మోతాదు లెక్క. ఈ లెక్క ఒక్కటి మనసుకెక్కితే సగం భయం తీరుతుంది. ఒక వస్తువులో కిరణాలు ఎంత శక్తి విడిచిపెట్టాయో గ్రే అనే కొలతతో చెబుతారు. అందులో పది లక్షలో వంతు మైక్రోగ్రే. చేతి సంచులను చూసే మామూలు స్కానర్ ఒక్కసారికి ఇచ్చేది ఒకటి రెండు మైక్రోగ్రేల స్థాయిలోనే ఉంటుంది. మన ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో ఉండే సాధారణ చిప్పులు దెబ్బతినడం మొదలుపెట్టాలంటే పదుల గ్రేలు కావాలి. యాభై గ్రేలనుకుందాం. ఒకసారికి ఒక మైక్రోగ్రే చొప్పున పడితే, అదే పెన్‌డ్రైవును ఐదు కోట్ల సార్లు స్కానర్‌లో పెట్టాలి. రోజుకు రెండుసార్లు మెట్రో ఎక్కే మనిషికి ఎన్ని జన్మలు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

పెద్ద విమానాశ్రయాల్లో కౌంటర్ దగ్గర ఇచ్చేసే సూట్‌కేసులకు ఇంకో రకం యంత్రం ఉంటుంది. ఆసుపత్రిలో సీటీ స్కాన్ లాగే అది సంచి చుట్టూ తిరిగి పొరలు పొరలుగా బొమ్మ తీస్తుంది. దాని మోతాదు చాలా ఎక్కువ. ఉదారంగా ఒకసారికి వెయ్యి మైక్రోగ్రేలు వేసుకున్నా, చిప్పుకు ముప్పు రావాలంటే యాభై వేల సార్లు తిప్పాలి. కాబట్టి సూట్‌కేసులో పెట్టినా కిరణాల వల్ల ఏమీ కాదు. సూట్‌కేసులో పెట్టకూడదని నేను చెప్పడానికి కారణం వేరే ఉంది, వస్తున్నాను.

హార్డ్‌డిస్కు విషయంలో జనం భయం కిరణం గురించి కాదు, అయస్కాంతం గురించి. హార్డ్‌డిస్కులో, క్యాసెట్టులో, ఏటీఎం కార్డు వెనకున్న నల్లటి పట్టీలో సమాచారం అయస్కాంత రూపంలోనే ఉంటుంది. అది నిజం. కానీ ఎక్స్‌రేకు అయస్కాంత గుణం లేదు. కాంతి ఎంతో అదీ అంతే, కాకపోతే కంటికి కనబడని, చొచ్చుకుపోయే కాంతి. మరి బెల్టు తిప్పే మోటారు? మనుషులు నడిచివచ్చే ద్వారం? వాటి అయస్కాంత బలం చాలా స్వల్పం. అసలు హార్డ్‌డిస్కు కవచం విప్పితే లోపలే ఒక మూలన నియోడైమియం అయస్కాంతాలు రెండుంటాయి. వేలు మధ్యలో పడితే నలిగేంత బలమైనవి. తన పొట్టలో అలాంటి అయస్కాంతం పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసే వస్తువును ద్వారం దగ్గరి చిన్న క్షేత్రం ఏం చేస్తుంది? సీడీ, డీవీడీలయితే ఇంకా నిశ్చింత. వాటిలో అయస్కాంతమూ లేదు, విద్యుత్తూ లేదు. లేజరు చదివే గుంటలు, మచ్చలు మాత్రమే.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయానికి వస్తాను. మీ హార్డ్‌డిస్కు చేతిసంచిలో ఉంటే, దాని మీద ఎక్కువ కిరణాలు పడేది మామూలు స్కానర్‌లో కాదు, విమానంలో.

మనం ఇంట్లో కూర్చున్నా కిరణాలు మన మీద పడుతూనే ఉంటాయి. నేల నుంచి, గోడల నుంచి, పీల్చే గాలి నుంచి, ఆకాశం నుంచి. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు ఆరున్నర మైక్రోసీవర్టులు. మనిషి ఒంటి మీది ప్రభావాన్ని చెప్పేటప్పుడు గ్రే బదులు సీవర్టు అంటారు. ఎక్స్‌రేల వరకు రెండు అంకెలూ దాదాపు ఒకటే. మనది గ్రానైటు నేల. ఆ రాతిలో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే కొద్దికొద్దిగా ఉంటాయి. స్కానర్‌లో ఒకసారి పడే మోతాదు మీ ఇంటి బీరువాలో ఆ హార్డ్‌డిస్కు కొన్ని గంటల్లో ఎలాగూ అందుకునేదే. ఇక విమానం ముప్పై ఐదు వేల అడుగులు ఎక్కాక పైన రక్షణగా ఉండే గాలి పొర పలచబడుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల ధాటి పెరుగుతుంది. అక్కడ గంటకు 3 నుంచి 5 మైక్రోసీవర్టులు. హైదరాబాద్ నుంచి అమెరికాకు మధ్యలో ఆగుతూ వెళ్తే గాల్లో ఉండేది ఇరవై గంటల దాకా. లెక్క 60 నుంచి 100 మైక్రోసీవర్టులకు చేరుతుంది. దారిలో రెండు మూడు చోట్ల మామూలు చేతిసంచి స్కానర్లు ఇచ్చిందంతా కూడినా అందులో కొసరే. స్కానర్‌కు భయపడి హార్డ్‌డిస్కును జేబులో దాచి విమానం ఎక్కే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అలాగని కాస్మిక్ కిరణాలు చిప్పులను ఏమీ చేయవా అంటే, అప్పుడప్పుడు చేస్తాయి. ఎక్స్‌రే కణం ఒక్కటొక్కటిగా బలహీనమైనది. ఒక మెమరీ గడిలోని సున్నాను ఒకటిగా మార్చేంత విద్యుత్తును అది ఒక్కటే పుట్టించలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు అలా కావు. వాటిలో ఒక్కటి సరిగ్గా తగిలినా గడి తారుమారు కావచ్చు. 2003 మే 18న బెల్జియం ఎన్నికల్లో బ్రస్సెల్స్ దగ్గర స్కార్‌బీక్ అనే చోట ఓ అభ్యర్థికి ఎలక్ట్రానిక్ ఓటింగులో 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. అసలు రావడానికి వీల్లేనన్ని ఓట్లు కనిపించేసరికి అనుమానం వచ్చి తిరిగి లెక్కించారు. 4096 అంటే రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. అంటే కంప్యూటరు లెక్కలో ఒకే ఒక్క గడి సున్నా నుంచి ఒకటికి మారితే సరిగ్గా అంత తేడా వస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాంలో తప్పేమీ కనబడలేదు. కాస్మిక్ కిరణం పని కావచ్చని నిపుణులు అనుమానించారు.

దీనికన్నా దగ్గరి సంగతి ఒకటి. 2025 అక్టోబరు 30న మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి అమెరికాలోని న్యూఆర్క్‌కు వెళ్తున్న జెట్‌బ్లూ విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి వంచింది. కొందరు ప్రయాణికులు గాయపడ్డారు. విమానాన్ని టాంపాలో దించారు. ఆ ఘటనను పరిశీలించాక, తీవ్రమైన సౌర వికిరణం విమాన నియంత్రణకు సంబంధించిన సమాచారాన్ని చెడగొట్టే అవకాశం ఉందని నవంబరు 28న ఎయిర్‌బస్ సంస్థ ప్రకటించింది. ప్రపంచంలో సుమారు ఆరు వేల ఏ320 కుటుంబ విమానాలకు సాఫ్ట్‌వేర్ సరిచేయాల్సి వచ్చింది. మన ఇండిగో, ఎయిరిండియా విమానాలూ అందులో ఉన్నాయి. వికిరణం సమాచారాన్ని చెడగొట్టడమంటే ఇదీ. బెల్టు పక్కన నిలబడి భయపడేవాళ్లు చూడాల్సింది పైకి.

ఇది విని విమానంలో మీ ఫొటోలకు ప్రమాదమనుకోకండి. పెన్‌డ్రైవులు, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కుల లోపలే తప్పు దిద్దే ఏర్పాటు ఉంటుంది. ఒకటీ అరా గడి మారినా చదివేటప్పుడే సరిచేసుకుంటాయి. ప్రాణాల మీదికొచ్చే చోట, విమానాన్ని నడిపే కంప్యూటర్లలో, ఒక్క గడి కూడా లెక్కే. అందుకే అంత హడావిడి.

సరే, ఫిల్ము. ఇక్కడ భయం నిజం.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. డిసెంబరులో భార్య చేతిని ఫొటో పలక మీద పెట్టి ఎముకలూ, వేలి ఉంగరమూ కనబడేలా బొమ్మ తీశాడు. అంటే ఫొటో పలక ఈ కిరణాలను పట్టుకుంటుందన్నది మొదటి నెలల్లోనే తేలిపోయింది. ఫిల్ము మీద ఉండే వెండి లవణపు రేణువులకు మామూలు వెలుతురు, ఎక్స్‌రే వేరువేరు కావు. రెండూ వాటి మీద గుర్తు వేస్తాయి. కడగని ఫిల్మును స్కానర్‌లో పెడితే అంతటా పలచని మసక పరుచుకుంటుంది. మరోసారి పెడితే ఇంకాస్త. అది పోగవుతూ పోయేదే తప్ప తగ్గేది కాదు.

1970ల మొదట్లో విమానాల హైజాకింగులు ఎక్కువయ్యాక సంచులను ఎక్స్‌రే తీయడం మొదలైంది. అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రయాణికుల, చేతి సంచుల తనిఖీ తప్పనిసరి అయింది. ఆ తొలి యంత్రాల మోతాదు ఇప్పటికన్నా ఎక్కువ. ఫొటోగ్రాఫర్లు అప్పుడు కాల్చుకున్న చేతుల భయమే తరాలు మారి, ఫ్లాపీకి, సీడీకి, పెన్‌డ్రైవుకు, ఇప్పుడు ఫోనుకు అంటుకుందని నా నమ్మకం. వస్తువు మారింది, భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫిల్ము రోజులు పోయాయి కదా అంటారేమో. పోలేదు. పాత కెమెరా సరదా కుర్రాళ్లలో మళ్లీ వచ్చింది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో నొక్కగానే బొమ్మ బయటికొచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరాలు మన పిల్లల చేతుల్లోనే ఉన్నాయి. ఆ ఫిల్ము వేగం ఐఎస్ఓ 800. వేగం ఎంత ఎక్కువైతే కిరణాలకు అంత తొందరగా లొంగుతుంది. ఐఎస్ఓ 100, 200, 400 ఫిల్ములు పాత తరహా చేతిసంచి స్కానర్‌ను కొన్నిసార్లు తట్టుకుంటాయి. 800, అంతకు పైన ఉన్నవాటిని చేత్తో చూడమని అడగాలి. సీటీ యంత్రానికి మాత్రం ఏ ఫిల్మునూ ఇవ్వకూడదు, ఒక్కసారి కూడా. కాబట్టి కౌంటర్‌లో ఇచ్చే సూట్‌కేసులో ఫిల్ము పెట్టనే కూడదు. ఇప్పుడు చేతి సంచులకూ సీటీ యంత్రాలు వస్తున్నాయి, ఆ జాగ్రత్త మునుపటికన్నా ఎక్కువ అవసరం. కోడాక్, ఫ్యూజీ కంపెనీలు కూడా ఇదే చెబుతున్నాయి. ఫిల్ము రోల్స్‌ను పారదర్శకమైన కవరులో విడిగా పెట్టుకుని, వరుసలో ముందే, నెమ్మదిగా అడగండి. సీసపు సంచిలో చుట్టి పెట్టకండి. తెర మీద నల్లటి ముద్ద కనిపిస్తే వాళ్లు ఎలాగూ తెరుస్తారు, అనుమానం అదనం.

ఒక్కసారి కడిగిన ఫిల్ముకు, నెగటివులకు, అచ్చు వేసిన ఫొటోలకు ఏమీ కాదు. తాతల నాటి నలుపు తెలుపు ఆల్బమ్ నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు.

మరి అంతా క్షేమమైతే, ప్రయాణం నుంచి తిరిగొచ్చాక “నా డిస్కు పోయింది, స్కానరే చేసింది” అనే మాట ఎందుకు వినబడుతుంది? ఒక సంగతి చెబుతాను. భూపాలపల్లిలో సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో, ఊళ్లో తీసిన ఫొటోలు అన్నీ ఒకే హార్డ్‌డిస్కులో వేసుకుని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాడు. అక్కడ తీసి చూస్తే డిస్కు తెరుచుకోలేదు. తిరిగొచ్చాక నా దగ్గరికి తెచ్చాడు. “రేడియేషన్ తగిలింది సారూ” అన్నాడు, గనిలో గ్యాసు గురించి చెప్పినంత నమ్మకంగా. కంప్యూటరుకు కలిపాను. లోపల పళ్లెం తిరగడం మొదలైంది, ఆ వెంటనే టక్కు, టక్కు, టక్కు. కాస్త ఆగి మళ్లీ అదే. ఆ చప్పుడు రిపేరు షాపుల్లో అందరికీ తెలిసినదే. చదివే తల దెబ్బతిని తన చోటు వెతుక్కోలేక కొట్టుకునే చప్పుడు. ఎక్స్‌రేకు తలను వంచే శక్తి ఎక్కడిది? ఆ డిస్కు ఎక్కడో గట్టిగా పడింది.

హార్డ్‌డిస్కులో పళ్లెం తిరిగేటప్పుడు తలకూ పళ్లానికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మన వెంట్రుక మందం సుమారు ఎనభై వేల నానోమీటర్లు. ఆపేసి ఉన్నప్పుడు తల పక్కకు వెళ్లి పడుకుంటుంది, కాబట్టి కొంత తట్టుకుంటుంది. కానీ సూట్‌కేసు ఎన్ని చేతులు మారుతుందో, ఎన్ని బెల్టుల మీది నుంచి జారుతుందో మనం చూడం. గట్టి నేల మీద ఒక మీటరు ఎత్తు నుంచి పడ్డా ఆ అదురు భూమ్యాకర్షణకు వందల రెట్లుంటుంది. సూట్‌కేసులో పెట్టవద్దని నేను ఇందాక అన్నది ఇందుకే. హార్డ్‌డిస్కు చేతిసంచిలో, మెత్తని బట్టలో ఉండాలి. కుదిరితే తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వాడాలి.

ఇంకొందరి అనుభవం వేరు. బయలుదేరే ముందు రాత్రి తొందర తొందరగా పెన్‌డ్రైవులోకి ఫొటోలు ఎక్కిస్తారు. కాపీ పూర్తయిందనుకుని ఊడబీకుతారు. లేదా రోడ్డు పక్కన అతి చౌకగా కొన్న వెయ్యి జీబీ పెన్‌డ్రైవు నిజానికి ముప్పై జీబీ కూడా పట్టనిది. పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఒక్కటీ తెరుచుకోదు. తప్పు ఊళ్లోనే జరిగింది, బయటపడింది అక్కడికి చేరాక. మధ్యలో కళ్లకు కనిపించిన వింత వస్తువు స్కానరే కాబట్టి నింద దాని మీద పడుతుంది.

వేడి గురించి కూడా ఒక మాట. పెన్‌డ్రైవు, ఎస్ఎస్‌డీ లోపల సమాచారం చిన్న చిన్న విద్యుదావేశాలుగా బందీ అయి ఉంటుంది. వేడి పెరిగితే అవి కారిపోయే వేగం పెరుగుతుంది. బాగా వాడి అరిగిన ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారం నిలుపుకుంటే చాలని పరిశ్రమ ప్రమాణమే చెబుతోంది. మే నెలలో మన భూపాలపల్లి బొగ్గు గనుల ప్రాంతంలో పగటి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మూసిన కారులో డ్యాష్‌బోర్డు మీద ఇంకెంతో ఊహించుకోండి. స్కానర్‌కు బెదిరే మనం అక్కడ ఫోను వదిలేసి టీ తాగడానికి దిగుతాం.

విమానంలో ఎలక్ట్రానిక్ వస్తువుల వల్ల వచ్చే అసలు ప్రమాదం బ్యాటరీది. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే తగలబడింది. అందరూ బయటపడ్డారు. పవర్‌బ్యాంకు కారణం కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. పవర్‌బ్యాంకు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు. 100 వాట్ అవర్ దాకా అనుమతి, అంటే మనం చూసే అంకెల్లో సుమారు 27,000 ఎంఏహెచ్. ఆపైన 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. ఉబ్బిన పవర్‌బ్యాంకునైతే ఇంట్లో కూడా ఉంచకండి.

వైద్య పరికరాల విషయంలో నేను ఇంత ధైర్యం చెప్పను. ఒంటికి పెట్టుకునే ఇన్సులిన్ పంపులు, చక్కెర కొలిచే సెన్సర్లు కొన్నింటిని ఎక్స్‌రే గుండా పంపవద్దని తయారీదారులే చెబుతారు. చేత్తో తనిఖీ చేయమని అడగండి, డాక్టరు రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కార్డు చూపించాలి. చేతి డిటెక్టరును ఛాతీ మీద ఎక్కువసేపు ఉంచవద్దని మర్యాదగా చెప్పాలి. అక్కడ నిలబడే సీఐఎస్ఎఫ్ జవాన్లకు ఇవన్నీ తెలుసు. అడిగేవాళ్లే తటపటాయిస్తారు.

పచ్చళ్ల గురించి కూడా అడుగుతారు. మహబూబాబాద్ మిర్చి కారం, ఆవకాయ, మేడారం నుంచి తెచ్చిన బెల్లం ఎక్స్‌రేలోంచి పోతే వాటిలో రేడియేషన్ మిగిలిపోతుందా అని. మిగలదు. గదిలో లైటు ఆర్పితే వెలుతురు మిగలనట్టే, గొట్టానికి కరెంటు ఆగిన క్షణానే కిరణమూ ఉండదు. ఆ శక్తికి ఏ వస్తువునూ రేడియోధార్మికంగా మార్చే సత్తా లేదు. నిశ్చింతగా తినండి. యంత్రం గురించి మరీ పట్టింపు ఉన్నవాళ్లకు ఇంకో మాట: మన దేశంలో ఇలాంటి పరికరాలన్నీ అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల కింద ఉంటాయి. యంత్రం ద్వారాలకు వేలాడే ఆ నల్లటి బరువు తెరల్లో సీసం ఉంటుంది. బెల్టు కదులుతుండగా సంచి కోసం చెయ్యి లోపలికి పెట్టకుండా ఉంటే చాలు.

భూపాలపల్లి పెద్దాయన డిస్కు ఏమైందో చెప్పలేదు కదూ. హైదరాబాదులో డేటా తీసే చోటికి పంపించాం. కొంత వచ్చింది, ఫంక్షన్ వీడియో రాలేదు. ఆ వీడియోకు రెండో కాపీ ఎక్కడా లేదు. ఫొటోగ్రాఫర్ తన దగ్గరున్నది ఎప్పుడో తుడిచేశాడు. నాకు బాధ కలిగించింది అది. ఒకే ఒక్క చోట దాచిన జ్ఞాపకాన్ని స్కానర్ చెరపనక్కర్లేదు. ఒక కిందపాటు చాలు, ఒక దొంగ చాలు, మరిచిపోయిన పాస్‌వర్డు చాలు.

కాబట్టి ప్రయాణమున్నా లేకపోయినా ఈ పని చేయండి. ముఖ్యమైన ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్లు రెండు వేర్వేరు వస్తువుల్లో వేయండి. ఒకటి మీ వెంట తీసుకెళ్తే ఇంకోటి ఇంట్లో, లేదా అక్కాచెల్లెళ్ల ఇంట్లో ఉండాలి. మూడోది ఇంటర్నెట్టులో దాచగలిగితే మరీ మంచిది. కాపీ చేశాక ఊరికే పేర్లు చూసి సరిపెట్టుకోకుండా నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి.

చివరగా, 1990లలో పెళ్లయిన దంపతులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ బీరువాలో చీరల కింద పెళ్లి వీడియో క్యాసెట్టు ఉండి ఉంటుంది. దాన్ని ఏ ఎక్స్‌రే ముట్టుకోలేదు. అయినా టేపు మీది జిగురు తేమకు చెడుతోంది, బూజు పడుతోంది, దాన్ని ఆడించే వీసీఆర్‌లు రిపేరు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చి ఇచ్చే స్టూడియోలు ఇప్పటికైతే ఉన్నాయి. ఈ ఆదివారమే ఆ క్యాసెట్టు బయటికి తీసి తీసుకెళ్లండి.